శైలి గురించి ఆ ఒక్క వాక్యం

తెలుగు పత్రికల సాహిత్య పేజీల సంపాదకులకు,



మీ పేజీల్లో వచ్చే పుస్తక సమీక్షల్లో, ఇంచుమించు చివరి పేరా దగ్గర, ఒక వాక్యం తప్పకుండా ఎదురవుతుంది. రచయిత శైలి సరళంగా ఉందనో, చక్కగా ఉందనో, పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఆపకుండా చదివిస్తుందనో ఆ వాక్యం చెబుతుంది. కథావస్తువు గురించి మూడు పేరాలు, పాత్రల గురించి ఒక పేరా రాసిన సమీక్షకుడు, ఆ వస్తువునీ ఆ పాత్రల్నీ మన దాకా మోసుకొచ్చిన భాష దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కతో చేతులు దులుపుకుంటాడు. ఆ వాక్యాన్ని అక్కణ్ణించి ఊడదీసి అదే పేజీలో ఉన్న మరో పుస్తకానికి అతికించినా ఎవరికీ తేడా తెలియదు. కథల సంపుటికి సరిపోయినదే నవలకీ, ఆత్మకథకీ, ఆఖరికి యాత్రా వృత్తాంతానికీ సరిపోతుంది. ఈ లేఖ ఆ ఒక్క వాక్యం గురించి. సమీక్షకులు బద్ధకస్తులని నా ఫిర్యాదు కాదు. చాలామంది పుస్తకాన్ని శ్రద్ధగా చదివే రాస్తున్నారు. రచనలోని భాషను వర్ణించడానికి కావలసిన మాటలు మన దగ్గర పుష్కలంగా ఉన్నాయనీ, వాటిని మనం వాడటం మానేశామనీ, మళ్ళీ వాడుకలోకి తెచ్చే వీలు అందరికంటే మీకే ఎక్కువనీ నా వాదన.

మెచ్చుకోవడం వేరు, వర్ణించడం వేరు. పాతకాలపు రసికులకు ఈ తేడా బాగా తెలుసు. ఒక ప్రసిద్ధ చాటువు పెద్దనకు జిగిబిగినీ, నంది తిమ్మనకు ముద్దుపలుకునూ, తెనాలి రామకృష్ణుడికి పదగుంఫనాన్నీ కట్టబెట్టింది. మూడూ పొగడ్తలే. అయినా ఒకరి బిరుదు ఇంకొకరికి అతకదు. జిగిబిగి అంటే మెరుపూ బిగువూ కలిసిన అల్లిక. ముద్దుపలుకు అంటే చెవికి బరువనిపించని పలుకు. గుంఫనం అంటే పదాన్ని పదంతో ముడివేసి దండ గుచ్చడం. ఆ చాటువు చెప్పినవాడెవరో గానీ ముగ్గురినీ చెవితో విన్నాడు, ముగ్గురికీ మూడు వేరువేరు మాటలు వెతుక్కున్నాడు. అంతకు చాలా ముందే నన్నయ తన కవిత్వంలో ఏం చూడాలో తానే పేర్లు పెట్టి చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన అక్షరరమ్యత ఇవాళ్టికీ పనికొచ్చే మాట. ఆయనే చెప్పుకున్న ప్రసన్నకథాకలితార్థయుక్తి మీద విశ్వనాథ సత్యనారాయణ ఏకంగా ఒక పుస్తకం రాశారు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు సంస్కృతంలో రాసిన ప్రతాపరుద్రీయం శయ్యనూ పాకాన్నీ విడదీసి చెప్పింది. పదాలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరడం శయ్య. అర్థం ఎంత సులువుగా అందుతుందన్నది పాకం: ద్రాక్షలా నోట్లో వేసుకోగానే రసం ఊరుతుందా, కొబ్బరికాయలా పగలగొట్టుకోవాలా. తొక్క వలుచుకుంటే చాలనే కదళీపాకాన్ని కూడా మనవాళ్ళు మధ్యలో చేర్చుకున్నారు. విద్యానాథుడికంటే ఎంతో ముందు సంస్కృత లాక్షణికుడు వామనుడు పాకాన్ని మరో విధంగా చెప్పాడు. ఒక పదం తీసి ఇంకోటి పెడితే ఓర్చుకోలేని స్థితికి రచన చేరడమే పాకమన్నాడు. ఆ కొలతతో చూస్తే, ఏ పుస్తకానికి మార్చినా నిక్షేపంగా ఓర్చుకునే మన ‘చక్కని శైలి’ వాక్యం ఇంకా పొయ్యెక్కనే లేదు.

ఈ మాటలు మనకు దూరం కావడానికి కారణం అజ్ఞానం కాదు, ఒక గెలుపు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మన భాషాచర్చ ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: గ్రాంథికమా, వ్యావహారికమా? గురజాడ 1914లో వాడుక భాష పక్షాన తన అసమ్మతి పత్రం రాశారు. గిడుగు రామమూర్తి 1940లో కన్నుమూసేదాకా పోరాడారు. తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. ఆ పోరాటం గెలవకపోతే ఈ లేఖ ఈ భాషలో ఉండేది కాదు. అయితే గెలుపుతోపాటే ఒక అలవాటు కూడా మనకు అంటుకుంది. ‘సరళం’ అన్నది ఒక గుణం పేరుగా మిగలక ఒక పక్షం పేరయింది. సరళంగా రాస్తే మనవాడు, లేకపోతే అవతలివాడు. ఏ భాషలో రాశాడన్న ప్రశ్నకు జవాబు దొరకగానే ఎలా రాశాడన్న ప్రశ్న కూడా తీరిపోయిందనుకున్నాం. నిజానికి వ్యావహారికం శైలి కాదు, శైలికి ముడిసరుకు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, చాసో ఇద్దరూ వాడుక భాషలోనే కథలు రాశారు. ఇద్దరిదీ మంచి తెలుగనే అంటాం. శ్రీపాద కథ సంభాషణల మీద నడుస్తుంది. మాటకు మాట తగులుకుంటూ సాగుతుంటే కథకుడు వెనక్కి తప్పుకుంటాడు. చాసో కథ కుదింపు మీద నిలబడుతుంది. చెప్పకుండా వదిలేసినదానికి అక్కడ చెప్పినదానికున్నంత బరువుంటుంది. ఒకరిది విస్తరణ, మరొకరిది సంక్షేపం. ‘సరళం’ అన్న మాట ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని చెరిపేస్తుంది. ఇక్కడ ఇంకో ముచ్చట. గిడుగు ఇలాంటి మోటు మాటలతో సరిపెట్టుకోలేదు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో పండితులు రాసిన వాక్యాలనే పట్టుకొని, వాళ్ళు కాపాడతామంటున్న గ్రాంథికం వాళ్ళకే పట్టుబడలేదని పదరూపాలు చూపించి మరీ రుజువు చేశారు. మనం ఆయన తీర్పును వారసత్వంగా తీసుకున్నాం, ఆ చూపును వదిలేశాం.

తర్వాతి దశాబ్దాల్లో ‘వస్తువు – శిల్పం’ అనే జంట వచ్చింది. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాక ఏది ముందు, ఏది వెనక అన్న వాదన చాలా ఏళ్ళు సాగింది. ఆ వాదనలో తప్పొప్పులు నాకిక్కడ ముఖ్యం కావు. కథనం, పాత్రచిత్రణ, దృష్టికోణం, ముగింపు, వాక్యం అన్నీ శిల్పం అన్న ఒక్క మాటలో కలిసిపోయాయన్నదే నా బాధ. వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పం రాసి వీటిలో చాలావాటిని మళ్ళీ విడదీశారు. ఆ పుస్తకానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కానీ వాక్యం దాకా దిగిన ఇద్దరు వేరే దారుల్లోంచి వచ్చారు. చేకూరి రామారావు భాషాశాస్త్రం నుంచి వచ్చారు. 1975లో తెలుగు వాక్యం వెలువరించిన మనిషే తర్వాత ‘చేరాతలు’ పేరుతో పత్రికా పాఠకులకు కవిత్వం గురించి రాశారు. రాచమల్లు రామచంద్రారెడ్డి అనువాదం నుంచి వచ్చారు. 1988లో అకాడమీ పురస్కారం పొందిన ఆయన పుస్తకం అనువాద సమస్యలు. అనువాదం గురించి మాట్లాడేవాడికి ‘చక్కని శైలి’ చాటున దాక్కునే వీలుండదు. మూలం పక్కనే కూర్చుని ఉంటుంది కాబట్టి ఈ క్రియ ఇక్కడికెందుకు వచ్చింది, ఈ విశేషణం ఎందుకు ఇలా సాగింది అని చెప్పి తీరాలి. స్వతంత్ర రచనను కూడా అంత దగ్గరగా ఎందుకు చదవకూడదు?

ఆ చదువుకు కావలసిన మాటలు కొన్ని వ్యాకరణంలోనే సిద్ధంగా ఉన్నాయి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అంటూ అసమాపక క్రియలకు పేర్లిచ్చింది. పరీక్ష అయిపోగానే మనం మరిచిపోయే మాటలివి. కానీ తెలుగు వచనంలో నడక అనేది చాలావరకు వీటి చేతుల్లోనే ఉంది. ఒక మామూలు సంగతిని చూడండి. ‘ఆమె లేచి, మొహం కడుక్కొని, పొయ్యి రాజేసి, పాలు పెట్టి, వాకిట్లోకొచ్చి నిలబడింది.’ ఇందులో ఐదు పనులు ఆరో పనికి మెట్లవుతున్నాయి. ఊపిరి ఒక్కటే, బరువంతా ‘నిలబడింది’ మీద పడుతుంది. పాఠకుడు అక్కడ ఆగి, ఎవరికోసం నిలబడిందని అడుగుతాడు. ఇదే సంగతిని విరిచి చూడండి. ‘ఆమె లేచింది. మొహం కడుక్కుంది. పొయ్యి రాజేసింది. పాలు పెట్టింది. వాకిట్లోకొచ్చి నిలబడింది.’ ఇప్పుడు ప్రతి పనీ దేనికదే. పొయ్యి రాజెయ్యడానికీ వాకిట్లో నిలబడడానికీ ఒకే విలువ. రోజూ చేసే చాకిరీ విసుగు వినిపించాలంటే ఇది పనికొస్తుంది. ఎదురుచూపు వినిపించాలంటే మొదటిదే పనికొస్తుంది. రెండూ సరళమైన తెలుగే. ఒక్క మాట కూడా మారలేదు, ‘లేచి’, ‘కడుక్కొని’ వంటి క్త్వార్థకాలు సమాపక క్రియలయ్యాయి, అంతే. ‘రచయిత్రి అసమాపక క్రియలను దాదాపు వాడదు, అందువల్ల ఆమె నాయిక చేసే ఏ పనీ ఇంకో పనికి దారితీస్తున్నట్టు అనిపించదు’ అని ఒక సమీక్షకుడు రాశాడనుకోండి. ఆ మాట ఆ పుస్తకానికి తప్ప మరో దానికి చెల్లదు. పుస్తకం చదవనివాడికి కూడా ఆ వచనం ఎలా వినిపిస్తుందో కొంచెం తెలుస్తుంది. పైగా, అదే నిజమో కాదో పుస్తకం తెరిచి తేల్చుకోవచ్చు కూడా.

క్రియల దగ్గరే ఆగనక్కర్లేదు. కుంతకుడు వక్రోక్తి జీవితంలో కవి వ్యాపారాన్ని వర్ణం దగ్గర మొదలుపెట్టి ప్రత్యయం, వాక్యం, ప్రకరణం మీదుగా ప్రబంధం దాకా ఆరు స్థాయుల్లో చూశాడు. ప్రత్యయంలో కూడా కవిత్వం ఉంటుందన్న ఆ పరిశీలన సంస్కృతం కంటే తెలుగుకే ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తుంది. ‘పిల్లాడు వచ్చాడు’, ‘పిల్లాడే వచ్చాడు’, ‘పిల్లాడూ వచ్చాడు’, ‘పిల్లాడు వచ్చాడట’. నాలుగింటిలో వార్త ఒకటే, కథలు నాలుగు. రెండోదానిలో ఇంకెవరో రావలసి ఉంది. మూడోదానిలో అప్పటికే ఎవరో వచ్చి ఉన్నారు. నాలుగోదానిలో చెబుతున్నవాడు చూడలేదు, విన్నాడు. విన్నదాన్ని నమ్ముతున్నాడో లేదో కూడా మనకు అనుమానమే. ఊరి కథ చెప్పే కథకుడు పేజీకి పది ‘అట’లు వాడితే, ఆ కథను ఊరు చెబుతోందన్న మాట. హఠాత్తుగా ఒక చోట ‘అట’ ఆగిపోతే, అక్కణ్ణించి అతను కళ్ళారా చూసిన సంగతి మొదలైందన్న మాట. ‘అని’ కూడా అంతే. ‘ఇక రాడేమో అనుకుంది’ అంటే కథకుడు పాత్ర పక్కన నిలబడి చెబుతున్నాడు. ఉత్త ‘ఇక రాడేమో’ అంటే అతను ఆమె బుర్రలో దూరిపోయాడు. చైతన్య స్రవంతి అని మనం పెద్ద పేరు పెట్టి అంపశయ్య, చివరకు మిగిలేది నవలల దగ్గర ప్రస్తావించే పద్ధతికి తెలుగు వాక్యంలో ఇంత చిన్న కీలుంది. క్షేమేంద్రుడు కూడా ఔచిత్య విచార చర్చలో క్రియ, కారకం, లింగం, వచనం, విశేషణం, ఉపసర్గ, నిపాతం దగ్గర ఒక్కొక్కచోటా ఆగి ఇక్కడ తగునా, తగదా అని అడిగాడు. కాళిదాసునూ వదల్లేదు, తన సొంత పద్యాలనూ వదల్లేదు.

ఇప్పుడు మాండలికం సంగతి. గత నలభై ఏళ్ళలో మన వచనంలో వచ్చిన అతిపెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం, సమీక్షలు అన్నిటికంటే ఘోరంగా తప్పిపోయింది కూడా ఇక్కడే. తెలంగాణ యాసలో రాశారని, సీమ మాండలికం గుబాళించిందని, ఉత్తరాంధ్ర పలుకుబడి ఉట్టిపడిందని రాసి, అదే శైలీ పరిశీలన అనుకుంటున్నారు. కుంతకుడి కాలానికే ఇలాంటి గొడవ ఉంది. వైదర్భి, గౌడి, పాంచాలి అని దేశాల పేర్లతో రీతులను చెప్పేవారు. కుంతకుడు దాన్ని ఒప్పుకోలేదు. దేశాన్ని బట్టే రీతి ఏర్పడితే ఎన్ని దేశాలో అన్ని రీతులు ఉండాలి కదా అన్నాడు. ఊరి అలవాటు వేరు, కవి నేర్పు వేరని చెప్పి, సుకుమారం, విచిత్రం, మధ్యమం అని కవి స్వభావాన్ని బట్టి మార్గాలను విభజించాడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పలుకులో మిట్టూరోడి కథలు రాశారన్నది సమాచారం. ఆయన ఆ పలుకును పాత్రల సంభాషణకే పరిమితం చేయకుండా కథనమంతా అందులోనే నడిపారన్నది శైలి. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళులో పాత్రల నోట తెలంగాణ మాట వినిపించింది. ఆ తర్వాత చాలామంది కథకులు కథకుడి గొంతునే మార్చేశారు. పాత్ర మాండలికంలోనూ కథకుడు ప్రామాణికంలోనూ మాట్లాడితే వాళ్ళిద్దరి మధ్య ఒక గట్టు ఉంటుంది: ఒకరు చూసేవారు, ఒకరు కనిపించేవారు. గట్టు తెగ్గొట్టినప్పుడు చూసే చోటే మారిపోతుంది. ఇంత పెద్ద సంగతిని ‘యాస’ అన్న ఒక్క మాట మింగేస్తోంది. ‘మట్టివాసన’ అన్నది దీనికంటే ఇంకాస్త అన్యాయం. మట్టివాసన మట్టికి దానంతట అదే ఉంటుంది. రచయితకు అది కష్టపడకుండా వచ్చిందన్న అర్థం ఆ పొగడ్తలో దాగి ఉంది. అగ్రహారం నుంచి వచ్చిన కథకుడికి శిల్పమూ, వాడ నుంచి వచ్చిన కథకుడికి సహజత్వమూ పంచిపెట్టే ఈ వాటా ఎవరు నిర్ణయించారు? ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే స్వభావోక్తిని దండి అలంకారాల్లో మొట్టమొదట నిలబెట్టాడు. కుంతకుడు అది వస్తువే తప్ప అలంకారం కాదని తోసిపుచ్చాడు. ఇక్కడ నేను దండి పక్షం. ‘సహజంగా’ కనిపించే పేజీ వెనుక ఎన్ని మాటల ఎంపిక ఉంటుందో రాసేవాళ్ళకు తెలుసు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఈ పాత మాటలు నిష్పక్షపాతమైన పనిముట్లు కావు. లాక్షణికులు గ్రామ్యాన్ని దోషాల పట్టికలో వేశారు. అంటే ఎక్కువమంది జనం మాట్లాడే భాషనే దోషం చేశారు. ఔచిత్యం అన్న మాట కూడా, ఎవరికేది తగునో చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్నతోపాటే వస్తుంది. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతమూ, స్త్రీలూ సేవకులూ ప్రాకృతమూ మాట్లాడాలనడం అప్పటి ఔచిత్యమే. ఇలాంటి చరిత్ర ఉన్న మాటలను దళిత, బహుజన, స్త్రీవాద రచనల మీద వాడటం ఏమిటని అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు: ఆ శాస్త్రంలో వర్ణించే మాటలూ ఉన్నాయి, తీర్పు చెప్పే మాటలూ ఉన్నాయి. దీర్ఘసమాసం, అసమాసం అని ఆనందవర్ధనుడు సంఘటనను, అంటే పదాల కూర్పును, విభజించినప్పుడు అది లెక్కపెట్టి చూడదగిన సంగతి. దాన్ని ఎవరి వచనానికైనా వర్తింపజేయవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగుకు కూడా, దానికైతే ముందుగా. గ్రామ్యం అన్నది తీర్పు. దాన్ని అక్కడే వదిలేద్దాం. పైగా పాత మాటలు వద్దనుకుంటే మనకు లోటేమీ లేదు. నడక, తూగు, బిగి, ఒడుపు, ఎత్తుగడ, విరుపు, ధాటి, నుడికారం, కొసమెరుపు వంటివి ఎవరి శాస్త్రమూ కావు, అందరి నోటా ఉన్నవే. వాటికి కావలసింది కొంచెం కచ్చితత్వం. తూగు అంటే వాక్యంలో రెండు భాగాలు సరిసమానంగా నిలబడటం. బిగి అంటే ఒక మాట తీస్తే వాక్యం కుంటుపడటం. విరుపు అంటే పాఠకుడు ఎదురుచూసిన చోట కాకుండా ఇంకో చోట ఆపడం. ఇలా వాడితే అవి పనిచేస్తాయి. ‘మంచి నడక, చక్కని తూగు, గొప్ప బిగి’ అని వరసగా పేరిస్తే మాత్రం మళ్ళీ మొదటికే వస్తాం.

రెండో ఆక్షేపణ వస్తువు వైపు నుంచి వస్తుంది. ఊళ్ళో ఆకలీ అవమానమూ ఉంటే ప్రత్యయాల లెక్కలేమిటని కొందరు విసుక్కుంటారు. నాకైతే ఇది తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు కథకుడు నోరు విప్పితే చాలు, పక్షం చెప్పకుండా ఉండలేడు. మన భాషలో వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ. క్రియ కూడా ఆ మర్యాదనే మోస్తుంది. ‘కామందు వచ్చారు, పాలేరు వచ్చాడు’ అని కథకుడు రాశాడంటే, పాలేరు పక్షాన ఎంత కన్నీరు కార్చినా, వాక్యం కామందు అరుగు మీదే కూర్చుని ఉంది. కథానాయకుణ్ణి ‘అతను’ అంటూ, పనిమనిషిని ‘అది’ అంటూ స్త్రీవాద కథ రాయవచ్చు. వస్తువు గురించి మాత్రమే రాసే సమీక్షకుడి కంట అది పడదు. కథకుడు కావాలనే అలా రాసి, ఊరి కళ్ళతో ఆ పాలేరును మనకు చూపిస్తుండవచ్చు కూడా. అలా అయితే కథలో ఎక్కడో ఒకచోట ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చారు’ అవుతుంది, లేదా కామందు ‘వచ్చాడు’ అవుతాడు. ఆ మలుపును పట్టుకోగలిగినవాడే ఆ కథ రాజకీయం ఏమిటో చెప్పగలడు. వస్తువును గౌరవించేవాళ్ళు మరింత ఎక్కువగా వాక్యం దగ్గరికి రావాలని అంటున్నది అందుకే.

పాఠకులకు ఇవన్నీ కొరుకుడు పడవని మీరు అంటారని ఊహించగలను. మీ పత్రికలోనే ఆటల పేజీ చూడండి. యార్కర్, గూగ్లీ, రివర్స్ స్వింగ్ అన్న మాటలను ఎవరూ వివరించరు, ఎవరూ క్షమాపణ చెప్పరు. బంతి ఏం చేసిందో చెప్పాలి కాబట్టి చెబుతారు, పాఠకులు నేర్చుకుంటారు. సినిమా పేజీ స్క్రీన్‌ప్లే గురించీ రీరికార్డింగ్ గురించీ ఎడిటింగ్ గురించీ వేరువేరుగా మాట్లాడుతుంది. ఒక్క సాహిత్య పేజీకే పాఠకుడి తెలివి మీద ఇంత అపనమ్మకం ఎందుకు? బడిలో తెలుగు వాచకం చదివిన ప్రతి పిల్లకూ ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం తెలుసు. మార్కుల కోసమైనా నేర్చుకుని ఉంటుంది. ఆ నాలుగు మాటలతోనే ఎంతో చెప్పవచ్చు. రావిశాస్త్రి వచనంలో పోలికలు ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువ అన్నది ఒక లెక్క, అంతకుమించి కాదు. ఆ ఉపమానాలు ఎక్కడి బతుకుల్లోంచి వచ్చాయి, ఉపమేయాన్ని పెంచుతున్నాయా, వెక్కిరిస్తున్నాయా, సమానధర్మాన్ని రచయిత చెప్పేస్తున్నాడా, మనల్ని ఊహించుకోమంటున్నాడా అని అడిగితే పదో తరగతి చదువు రావిశాస్త్రి దాకా తీసుకెళుతుంది.

శైలి ఎవరి రుచిని బట్టి వాళ్ళదన్న మాటకు ఎక్కువ చోటు ఇవ్వను. నచ్చడం, నచ్చకపోవడం రుచే. వాక్యం ఎక్కడ ముగిసిందో, కథకుడు ఎవరిని ఏమని పిలిచాడో రుచి కాదు. పేజీ మీద ఉంది.

కాబట్టి మిమ్మల్ని కోరేది చిన్నదే. శైలి అన్న మాట ఉన్న సమీక్ష వచ్చినప్పుడు, అచ్చుకు పంపేముందు సమీక్షకుడికి ఫోన్ చేసి ‘ఏ వాక్యంలో?’ అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ జవాబునే అచ్చువేయండి, చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. సమీక్షకు నష్టమేమీ ఉండదు. అవార్డుల న్యాయనిర్ణేతలు ప్రకటనలో శైలి ప్రస్తావన తెస్తే వాళ్ళను కూడా ఇదే అడగండి, ఆ జవాబును కూడా వేయండి. నెలకు ఒక్క పుస్తకానికైనా, సమీక్ష పక్కనే ఆ పుస్తకంలోంచి ఒక పేరా వేసి, దాని నడక ఎలా ఉందో ఎవరిచేతనైనా రాయించండి. రచయిత కాకపోయినా ఫరవాలేదు, భాషాశాస్త్రం చదివిన వారో, బడిలో వ్యాకరణం చెప్పే టీచరో రాయగలరు. చోటు లేదంటారా? వెల, పేజీలు, ప్రతులకు సంప్రదించాల్సిన చిరునామా తీసేయమనను, పుస్తకం అమ్ముడుపోవాలి. ఆవిష్కరణ సభ ఫొటో మాత్రం తీసేయవచ్చు. శాలువాలు కప్పుకొని పదిమంది వరసగా నిలబడే ఆ స్థలంలో ఒక పేరా, దాని మీద నూట యాభై మాటలు హాయిగా పడతాయి.

ఇట్లు,
మీ పేజీల పాఠకుడు